ఉత్త ఆకులు తిని అంత పెద్దది ఎలా అయింది? ఆరేళ్ల పిల్లకు ఏం చెప్పాలి?

ఎంవీపీ_అమ్మ
మా పాప ఒకటో తరగతి. స్కూల్లో ‘నాకిష్టమైన జంతువు’ గురించి రెండు నిమిషాలు మాట్లాడాలట. మిగతా పిల్లలు కుక్క, కుందేలు అంటే ఇది బ్రాకియోసారస్ అనే డైనోసార్ అంది. సరే అని ఒక పుస్తకం కొన్నాను. చాలా పెద్దది, మెడ పొడవు, ఆకులు తింటుంది అని మూడు ముక్కలు, మిగతాదంతా బొమ్మలే. పాప అడిగిన మొదటి ప్రశ్నకే అది పనికిరాలేదు. “ఉత్త ఆకులే తిని అంత పెద్దది ఎలా అయిందమ్మా?” అంది. మా పెదనాన్న గారింట్లో ఇంకో పాత పుస్తకం ఉంది, అందులో చెరువులో మెడ దాకా మునిగి నిలబడినట్టు బొమ్మ వేశారు. వీడియోలు పెడితే అరుపులు, కొట్లాటలు తప్ప ఏమీ లేవు. పిల్లకి నిజమే చెప్పాలి, తనకి అర్థమయ్యేలా చెప్పాలి. ఇంట్లో గానీ క్లాసులో గానీ ఇలాంటివి చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి. శుక్రవారం ప్రోగ్రాం, టెన్షన్ నాకే ఎక్కువగా ఉంది.

కంచరపాలెం_కుర్రాడు
తోటకూర తినని పిల్లలందరికీ ఈ పాప ఉపన్యాసం వినిపించాలి అక్కా.

భీమిలి_మాస్టారు
అమ్మా, మీ పాప సరైన ప్రశ్న అడిగింది. జవాబు ఒక్క మాటలో చెప్పొచ్చు: అది నమలదు. ఈ పొడుగు మెడ డైనోసార్ల పళ్లు చూడండి, కొన్నింటికి పుల్లల్లా, కొన్నింటికి గరిటెల్లా ఉంటాయి. కొమ్మ మీంచి ఆకు దూయడానికి, కొరకడానికి తప్ప నూరడానికి పనికిరావు. దూసింది దూసినట్టు మింగేస్తుంది.

మా బడిలో నేను ఒక ఆట ఆడిస్తాను. ఇద్దరు పిల్లల్ని వేప కొమ్మ ముందు నిలబెట్టి చెరో సంచీ ఇస్తాను. మొదటివాడు ఒక్కో ఆకు తెంపి, ఇరవై అంకెలు లెక్కపెట్టాకే సంచీలో వెయ్యాలి. అది నమలడం. రెండోవాడు తెంపుతూ నేరుగా సంచీలో వేసుకుంటూ పోవచ్చు. ఒక్క నిమిషం అయ్యాక రెండు సంచీలూ బోర్లిస్తే పిల్లలకి మనం ఏమీ చెప్పక్కర్లేదు. వాళ్లే చెప్తారు.

తర్వాత అడగండి, నమలకపోతే ఇంకేం లాభం అని. నమిలే జంతువుకి పెద్ద దవడలు, పెద్ద పళ్లు, వాటిని ఆడించే కండలు కావాలి. అంటే తల బరువెక్కుతుంది. ఏనుగు తల చూడండి. అంత తలని పొడుగాటి మెడ చివర మోయడం కష్టం. నమలనిదానికి చిన్న తల చాలు. తల చిన్నదైతే మెడ ఎంత పొడుగైనా పెంచుకోవచ్చు. మెడ పొడుగైతే ఉన్న చోటే నిలబడి చుట్టూ ఉన్నదంతా తినొచ్చు. ఒక్కో అడుగూ వెయ్యడం ఖర్చే కదా అంత బరువుకి.

ఎంవీపీ_అమ్మ
మాస్టారూ, ఆట ఈ సాయంత్రమే ఆడిస్తాను. మా అపార్ట్‌మెంట్ కింద వేప చెట్టుంది.

రాళ్ల_రంగడు
ఏయూలో జియాలజీ చదివాను. మాస్టారు చెప్పినదానికి సాక్ష్యం కూడా దొరికింది. ఆస్ట్రేలియాలో డయామంటినాసారస్ అని ఇలాంటిదే ఒకటుంది, దాదాపు తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ల నాటిది. దాని పొట్ట భాగంలో తిన్న తిండి అలాగే రాయిగా మారి ఉంది. 2025లో ఆ పరిశోధన అచ్చయింది. అందులో ఆకులు నలగకుండా, కొరికినవి కొరికినట్టే ఉన్నాయి. దేవదారు జాతి చెట్లవి, పూల మొక్కలవి కూడా ఉన్నాయి. అంతకు ముందు పళ్లు, దవడలు చూసి చెప్పిన మాటే, ఇప్పుడు పొట్టలోనే కనపడింది.

పళ్ల గురించి ఇంకొక సంగతి చెప్పండి పాపకి, బాగా నచ్చుతుంది. వీటి పళ్లు అరిగిపోతూ, ఊడిపోతూ, కొత్తవి వస్తూనే ఉంటాయి. డిప్లోడోకస్ అనే ఇంకో పొడుగు మెడ డైనోసార్‌కి ఒక్కో పన్ను స్థానంలో సుమారు 35 రోజులకోసారి కొత్తది వచ్చేదని పన్ను లోపలి పొరలు లెక్కపెట్టి చెప్పారు.

గాజువాక_పద్మ
ఒకటో తరగతి పిల్లలకి పళ్లు ఊడే వయసే కదా! క్లాసంతా చెవులు రిక్కించి వింటారు.

పెందుర్తి_పశువైద్యుడు
నమలకపోతే ఆకు అరగదు కదా అని పెద్దవాళ్లకి సందేహం వస్తుంది, దానికి జవాబు చెప్తాను. ఆకులో ఉన్న పీచుని ఆవు, ఏనుగు లాంటి జంతువులేవీ సొంతంగా అరిగించుకోలేవు. పొట్టలో ఉండే సూక్ష్మజీవులు పులియబెట్టి ఇస్తాయి. ఆవు అయితే మొదట మింగి, మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నెమరేస్తుంది. ఏనుగు నెమరెయ్యదు, పేగుల వెనక భాగంలో పులియబెడుతుంది, తిన్నదాంట్లో సగం కూడా అరగదు, అందుకే రోజంతా తింటూనే ఉంటుంది. ఈ డైనోసార్లది పొట్ట చాలా పెద్దది. తిన్నది లోపల రోజుల తరబడి నానుతూ ఉంటే నమలని లోటు ఆ సమయం తీరుస్తుంది. నోరు చెయ్యాల్సిన పని పొట్ట చేసిందని చెప్పండి పాపకి.

కోడి గిజ్జర్లో గులకరాళ్లు ఉంటాయి కదా, గింజలు నూరడానికి. వీటికీ అలాగే రాళ్లు మింగే అలవాటు ఉండేదని పుస్తకాల్లో ఉంటుంది.

రాళ్ల_రంగడు
డాక్టరు గారూ, ఆ రాళ్ల మాట మాత్రం పిల్లలకి చెప్పొద్దంటాను. 2007లో జర్మనీ పరిశోధకులు నిప్పుకోడి పొట్టలో రాళ్లు తూచి చూశారు. దాని ఒంటి బరువులో దాదాపు ఒక శాతం ఉన్నాయి. ఈ పెద్ద డైనోసార్ల దగ్గర దొరికిన రాళ్లు, ఒంటి బరువుతో పోలిస్తే అందులో పదో వంతు కూడా లేవు. పైగా చాలా అస్థిపంజరాల దగ్గర అసలు రాళ్లే లేవు. తిరగలి పని చెయ్యడానికి అవి చాలవు.

పెందుర్తి_పశువైద్యుడు
మంచి లెక్క. కోడిని కోసినప్పుడు గిజ్జర్ చూసినవాళ్లకి ఒక శాతం అంటే ఎంతో తెలుస్తుంది. అయితే నా మొదటి పేరా అలాగే వాడుకోండమ్మా, పొట్ట సంగతి రాళ్లు లేకపోయినా మారదు.

లాసన్స్‌బే_తాతయ్య
ఇవన్నీ ఆరేళ్ల పిల్లకి ఎక్కువ కాదూ? అనగనగా ఒక పెద్ద జంతువు, దాని పేరు ఫలానా, మంచిది, ఎవరినీ ఏమీ అనేది కాదు. ఆ వయసుకి అంతే చాలు. పెద్దయ్యాక మిగతాది వాళ్లే చదువుకుంటారు.

భీమిలి_మాస్టారు
తాతగారూ, నేను ఒప్పుకోను. కథ చెప్పడం వద్దని కాదు. పిల్ల ‘ఎలా’ అని అడిగింది, దానికి ‘మంచిది’ అని జవాబిస్తే అడగడం మానేస్తుంది. ముప్పై ఏళ్లు పిల్లల మధ్య ఉన్నాను. కారణం చెప్తే వాళ్లకి బరువవ్వదు. కారణం లేకుండా ఇరవై పేర్లు, ఇరవై కొలతలు బట్టీ పట్టిస్తేనే బరువు.

లాసన్స్‌బే_తాతయ్య
మంచిది అన్న మాట మాత్రం వదలకండి. మా మనవడు ఎగ్జిబిషన్‌లో కదిలే రబ్బరు డైనోసార్ చూసి హడలిపోయాడు. పొడుగు మెడదే, ఆకులు తినేదే. దానికీ కోరలు పెట్టి గర్జింపు పెట్టారు. నాలుగు రోజులు నిద్రలో ఉలిక్కిపడ్డాడు. అసలు భయపెట్టాల్సిన అవసరం ఏమొచ్చింది?

గాజువాక_పద్మ
ఇది నిజం. ఆకులు తినే దానికి కోరలు పెట్టిన బొమ్మలు మా వీధి షాపులో కూడా ఉన్నాయి. మాస్టారు చెప్పిన పుల్లల్లాంటి పళ్లు ఒక్క దానికీ లేవు.

రుషికొండ_డైవర్
చెరువులో మెడ దాకా మునిగిన బొమ్మ గురించి ఎవరూ చెప్పలేదు, అది నాకు బాగా తెలిసిన విషయం. నేను స్కూబా నేర్పిస్తాను. నీళ్లలో దిగుతున్న కొద్దీ ఛాతీ మీద నీటి ఒత్తిడి పెరుగుతుంది. నీటి పైకి పొడుగాటి గొట్టం పెట్టుకుని రెండు మీటర్ల లోతులో గాలి పీల్చుకోలేం, రొమ్ము ఉబ్బదు. అందుకే స్నోర్కెల్ అంత పొట్టిగా ఉంటుంది. లోతుకి పోతే సిలిండర్ కావాలి. ఆ డైనోసార్ మెడ ఎత్తి తల నీటిపైన పెట్టినా ఊపిరితిత్తులు ఎన్నో మీటర్ల లోతులో ఉంటాయి. ఊపిరే తీసుకోలేదు. 1951లోనే కెర్మాక్ అనే ఆయన ఈ వాదన రాశాడు.

రాళ్ల_రంగడు
అడుగుజాడలు కూడా అదే చెప్తాయి. నేల మీద నాలుగు కాళ్లతో బరువు మోస్తూ నడిచిన జాడలు ఎన్నో దేశాల్లో దొరికాయి. వాటి వెనక తోక ఈడ్చిన గీత దాదాపు ఎక్కడా కనపడదు. తోక గాల్లో ఎత్తి పట్టుకుని నడిచేవి. పాత బొమ్మల్లో తోక నేల మీద పడేసినట్టు ఉంటే అది కూడా దిద్దించండి.

కంచరపాలెం_కుర్రాడు
డైవర్ అన్నా, ఈ ముక్క టెన్త్ ఫిజిక్స్‌లో చెప్పుంటే ఒత్తిడి చాప్టర్ జన్మలో మర్చిపోయేవాణ్ణి కాదు.

ఎంవీపీ_అమ్మ
వేపాకుల ఆట ఆడించాను, మాస్టారూ. పక్కింటి బాబు ఇరవై లెక్కపెట్టలేక ఏడుపు ముఖం పెట్టాడు, వాడి సంచీలో మూడే ఆకులు. మా పాప వెంటనే, “అందుకేనా నేను గబగబా తింటే నమిలి తిను అంటావు, నేను పెద్దదాన్ని అయిపోతానని?” అంది. నమలాలి అని మళ్లీ విడిగా చెప్పాల్సి వచ్చింది. మన పొట్ట చిన్నది, అన్ని రోజులు నానబెట్టుకోలేం అని డాక్టరు గారి మాటే వాడాను.

ఇప్పుడు రెండు కొత్త ప్రశ్నలు. అంత పెద్ద అమ్మకి గుడ్డు గదంత ఉంటుందా? ఎర్రమట్టి దిబ్బల్లో తవ్వితే మనకి ఎముకలు దొరుకుతాయా?

రాళ్ల_రంగడు
రెండోది ముందు చెప్తాను, అది మన విశాఖ సంగతి కాబట్టి.

ఎర్రమట్టి దిబ్బల్లో దొరకవు. ఆ ఎర్ర ఇసుక గాలి, నీరు, సముద్ర మట్టం మార్పులతో పేరుకున్నది, వయసు వేల సంవత్సరాల లెక్కలో ఉంటుంది. డైనోసార్లు పోయి 6.6 కోట్ల ఏళ్లయింది. అవి ఉన్నప్పుడు ఆ దిబ్బలు లేవు. అది జాతీయ భూవారసత్వ స్థలం కూడా, ఎవరూ తవ్వకూడదు. చూసి రావడానికి మాత్రం తీసుకెళ్లండి.

మరి కైలాసగిరి, సింహాచలం కొండల్లో? అక్కడా దొరకవు, కారణం తలకిందులు. ఆ కొండల రాయి ఖోండలైట్. భూమి లోపల విపరీతమైన వేడికి, ఒత్తిడికి ఉడికి రూపం మారిన రాయి. వయసు దాదాపు వంద కోట్ల ఏళ్లు. అది తయారైనప్పుడు డైనోసార్లు కాదు కదా, ఎముకలున్న జంతువే భూమ్మీద లేదు. దిబ్బలేమో మరీ చిన్నవి, కొండలేమో మరీ ముసలివి. డైనోసార్ల కాలం ఆ రెండింటికీ మధ్యలో పడింది. ఆ కాలంలో నది మోసుకొచ్చిన బురద, ఇసుక రాయిగా మారిన చోటే ఎముకలు మిగులుతాయి.

అలాంటి చోటు మనకి దూరమేమీ కాదు. గోదావరి, ప్రాణహిత లోయ. అక్కడ ‘కోట’ అని పేరు పెట్టిన రాతి పొరల్లో రెండు పెద్ద శాకాహార డైనోసార్లు దొరికాయి. ఒకటి బరపాసారస్ టాగోరై, సిరోంచ దగ్గర. 1961లో, టాగోర్ శతజయంతి ఏడాదిలో తవ్వకాలు జరిగాయి, అందుకే ఆయన పేరు కలిపారు. 1975లో జైన్, కుట్టి, రాయ్‌చౌదరి, ఛటర్జీ దాన్ని లోకానికి పరిచయం చేశారు. పొడవు 14 మీటర్ల వరకు. ఒకటీ అరా ఎముక కాదు, దాదాపు 300, కనీసం ఆరు జంతువులవి. పెద్ద పెద్ద చెట్ల మానులతో కలిసి దొరికాయి, మందని వరద ముంచేసి ఉంటుందని అంటారు. అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టారు.

రెండోది కోటాసారస్ యమన్‌పల్లియెన్సిస్. పాత ఆదిలాబాద్ జిల్లా యమన్‌పల్లి దగ్గర దొరికింది. యాదగిరి గారు 1988లో పేరు పెట్టారు. పొడవు 9 మీటర్లు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడొచ్చు.

సింహాచలం_చందు
బిర్లా సైన్స్ సెంటర్‌కి నేను వెళ్లాను కానీ అది మన తెలుగు ఊళ్లో దొరికిందని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం. ఈ సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్తాను.

అమ్మా, పాప చేత బ్రాకియోసారస్ మాన్పించి బరపాసారస్ గురించి మాట్లాడించండి. అమెరికాది ఎందుకు, మన గోదావరిది ఉండగా?

గాజువాక_పద్మ
చందు గారూ, పాపకి ఇష్టమైన జంతువు అని కదా టాపిక్. పెద్దవాళ్లకి ఇష్టమైనది కాదు. ఇష్టం మార్పిస్తే శుక్రవారం అది నోరు తెరవదు.

సింహాచలం_చందు
మార్పించమని కాదండీ, మనదీ ఒకటుందని తెలియాలిగా. మా అబ్బాయికి పది విదేశీ డైనోసార్ల పేర్లొచ్చు. కోటాసారస్ అంటే స్మార్ట్ ఫోన్ యాప్ అనుకున్నాడు.

భీమిలి_మాస్టారు
ఇద్దరిదీ కలుస్తుంది. బ్రాకియోసారస్‌ని కొలరాడోలో 1900లో ఎల్మర్ రిగ్స్ బృందం తవ్వింది, 1903లో పేరు పెట్టారు. దాని ప్రత్యేకత ముందు కాళ్లు వెనక కాళ్ల కంటే పొడుగు, అందుకే వీపు వెనక్కి వాలి ఉంటుంది. బరపాసారస్ అంతకంటే కొన్ని కోట్ల ఏళ్లు ముందుది, వీపు దాదాపు సమంగా ఉంటుంది. ఈ గుంపు జంతువులు ఇంకా పెద్దవవుతున్న రోజులవి. పాప బ్రాకియోసారస్ గురించే చెప్పి, చివర్లో “దీని చుట్టాలు మన గోదావరి దగ్గర కూడా ఉండేవి” అంటే చాలు. టీచరమ్మకి కూడా కొత్త సంగతి అవుతుంది.

రాళ్ల_రంగడు
ఒక చిన్న సంగతి, పిల్లలకి భలే ఇష్టమైనది. బరపాసారస్ తల దొరకలేదు. పళ్లు దొరికాయి కానీ పుర్రె లేదు. బొమ్మల్లో కనపడే తల దగ్గరి జాతుల్ని చూసి వేసింది. పాపని ఆ తల తనకి తోచినట్టు గియ్యమనండి, ముందు కాస్త పళ్ల సంగతి చెప్పి.

ఇక గుడ్డు. గదంత కాదు, ఫుట్‌బాల్ కంటే చిన్నది. మన దేశంలో మధ్యప్రదేశ్‌లో, గుజరాత్‌లో ఈ జాతి గుడ్లు చాలా దొరికాయి, అడ్డంగా 15 నుంచి 20 సెంటీమీటర్లు. ధార్ జిల్లాలో 92 గూళ్లు, 256 గుడ్లు ఉన్నాయని 2023లో ప్రచురించారు. గుడ్డు మరీ పెద్దదైతే పెంకు మందం కావాలి. పెంకు మందమైతే లోపలి పిల్లకి గాలి అందదు, పగలగొట్టుకుని బయటికీ రాలేదు. అందుకే అంత పెద్ద అమ్మకి అంత చిన్న గుడ్డు.

పెందుర్తి_పశువైద్యుడు
‘ఎలా అంత పెద్దదైంది’కి ఇది కూడా జవాబే. ఏనుగు ఒక్క పిల్లని 22 నెలలు కడుపులో మోస్తుంది. అంతకు పది రెట్లున్న జంతువు అలా మొయ్యాలంటే పిల్లలు అరుదైపోయి జాతి నిలబడదు. ఇవి చాలా గుడ్లు పెట్టేవి, పిల్లలు చిన్నగా పుట్టి చాలా వేగంగా పెరిగేవి. ఎముకని పలచగా కోసి చూస్తే ఆ వేగం కనపడుతుంది.

లాసన్స్‌బే_తాతయ్య
అంత చిన్న పిల్లల్ని ఎవరూ తినెయ్యలేదా మరి?

రాళ్ల_రంగడు
తినేవి తాతగారూ. గుజరాత్‌లోని ఢోలి డుంగ్రీలో గూట్లో గుడ్ల పక్కన మూడున్నర మీటర్ల పాము దొరికింది. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎముకలు కూడా దాని పక్కనే. సనాజే ఇండికస్ అని 2010లో పేరు పెట్టారు. మనవడికి మాత్రం ఇది ఇంకో రెండేళ్లాగి చెప్పండి.

రుషికొండ_డైవర్
ఆదివారం ఆర్కే బీచ్‌లో తాడుతో గీద్దామా? తడి ఇసుక మీద బాగా పడుతుంది. కోటాసారస్ 9 మీటర్లు, బరపాసారస్ 14, అర్జెంటీనాలో దొరికిన పటగోటిటాన్ 37. పక్కనే కుర్సురా సబ్‌మెరీన్ 91 మీటర్లు ఉంది. పటగోటిటాన్ రెండున్నర పెడితే సబ్‌మెరీన్ అంత. పిల్లలకి ‘మీటరు’ చెప్పడం కంటే ఆ గీత వెంట నడిపిస్తే తెలుస్తుంది.

కంచరపాలెం_కుర్రాడు
నేనొస్తా. తిమింగలం కూడా గీద్దాం అన్నా. భూమ్మీద అన్నిటికన్నా పెద్దది డైనోసారే కదా అంటారు, నాకెప్పుడూ అనుమానమే.

రుషికొండ_డైవర్
నీ అనుమానం కరెక్టే. పొడవులో కొన్ని డైనోసార్లు గెలుస్తాయి. బరువులో నీలి తిమింగలమే పెద్దది, 150 టన్నుల దాకా తూగుతుంది. పటగోటిటాన్‌ని అందులో సగం కంటే తక్కువే వేస్తున్నారు. తిమింగలం బరువు నీళ్లు మోస్తాయి. డైనోసార్‌ది దాని కాళ్లే మొయ్యాలి.

రాళ్ల_రంగడు
ఆ కాళ్ల మీద భారం తగ్గించేది దాని మెడ ఎముకలు. లోపల గాలి గదులుంటాయి, పక్షుల్లో లాగా. ఊపిరితిత్తులకి తోడు గాలి సంచులు కూడా ఉండేవని ఎముకల్లోని ఆ గదులే చెప్తున్నాయి. అంత పొడుగు మెడలోంచి గాలి లాగడానికి అలాంటి ఏర్పాటు ఉండాల్సిందే.

ఎంవీపీ_అమ్మ
పాప చెప్పేసింది! నేను వెనక బెంచీలో కూర్చున్నాను. “ఇది నమలదు, మీరు మాత్రం నమలండి” అని మొదలుపెట్టింది. వేప కొమ్మ తీసుకెళ్లి ఇద్దరు పిల్లల చేత ఆట ఆడించింది. పన్ను సంగతికి క్లాసులో సగం మంది నోరు తెరిచి ఊడిన పళ్లు చూపించారు. చివర్లో గోదావరి చుట్టం గురించి చెప్పి, తను గీసిన బరపాసారస్ తల చూపించింది. తలకి మల్లెపూలు పెట్టింది. టీచరు గారు “అప్పటికి పూలున్నాయా” అని అడిగితే పాప నా వైపు చూసింది, నేను బిక్కమొహం వేశాను. ఎవరైనా చెప్పండి, ఆదివారం లోపు.

రాళ్ల_రంగడు
మల్లెపూలు లేవు. బరపాసారస్ కాలంలో చుట్టూ ఫెర్న్‌లు, సైకస్‌లు, దేవదారు జాతి చెట్లు. పూల మొక్కలు విరివిగా వచ్చింది చాలా తర్వాత. గడ్డి కూడా అప్పటికి లేదు. మహారాష్ట్రలో పిస్డూర దగ్గర దొరికిన డైనోసార్ పేడ రాళ్లలో గడ్డి కణాలు చూశారు, 2005లో ప్రచురించారు. అవి డైనోసార్ల కాలం చివరి రోజులవి. బరపాసారస్‌కి పది కోట్ల ఏళ్ల తర్వాతి సంగతి. పాపని మల్లెలు తీసేసి ఫెర్న్ ఆకు పెట్టమనండి, ఏ నర్సరీలోనైనా దొరుకుతుంది.

కంచరపాలెం_కుర్రాడు
పేడ రాయా! ఇది మా తమ్ముడికి చెప్తే ఇంకేం అడగడు, దాన్నే పట్టుకుంటాడు.

గాజువాక_పద్మ
మా వాడు అడుగుతున్నాడు, అవన్నీ ఎలా చచ్చిపోయాయని. రాజమండ్రి దగ్గర లావా రాళ్లున్నాయి, వాటివల్లే అని వాళ్ల నాన్న అంటున్నారు. ఉల్క అని నేనంటున్నాను.

రాళ్ల_రంగడు
రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి వైపు నల్ల బసాల్ట్ నిజంగానే ఉంది. దక్కన్‌లో పొంగిన లావా అక్కడి దాకా పారిందని తేల్చారు. మొత్తం పొంగు లక్షల ఏళ్లు సాగింది, ఆ రోజుల్లోనే డైనోసార్లు కూడా పోయాయి. మెక్సికోలోని చిక్సులూబ్‌లో ఉల్క పడింది కూడా అప్పుడే, 6.6 కోట్ల ఏళ్ల కింద. ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఉల్క దెబ్బే ముఖ్యమంటారు. లావా ఎంత తోడైందనే దాని మీద వాదన నడుస్తోంది. ఇంట్లో ఇద్దరిదీ వినదగ్గ మాటే. బరపాసారస్ మాత్రం ఆ రెండింటికీ పది కోట్ల ఏళ్ల ముందే లేదు.

రుషికొండ_డైవర్
ఆదివారం పొద్దున్న ఆరున్నర, కుర్సురా దగ్గర. ఆటు చూసుకునే పెట్టాను, ఇసుక తడిగా గట్టిగా ఉంటుంది. నలభై మీటర్ల తాడు నా దగ్గర ఉంది. కొలిచే టేపు, పిల్లలకి టోపీలు, మంచినీళ్లు మీరు తెచ్చుకోండి. అలల వైపు నేను నిలబడతాను, పిల్లలెవరూ గీత దాటి నీళ్లలోకి వెళ్లకూడదు.

భీమిలి_మాస్టారు
మా బడి పిల్లలు పన్నెండు మంది వస్తారు. తల భాగం గీసే చోటు మీ పాపకే వదలండి.